తొమ్మిది గొట్టాల గొర్రు

ఐలేశం ట్రాక్టరు చుట్టు మూడుసార్లు తిరిగిండు. అంగడిల ఎద్దు చుట్టు తిరిగినట్టే తిరిగిండు. టైరును కాలుతోని తన్ని చూసిండు. సీటు మీది దుమ్మును అరచేత్తోని తుడిచిండు. కిందికి వంగి ఇంజను దిక్కు చూసిండు. ఏం సమజైందో ఏమో గాని తల మాత్రం ఊపిండు.

చౌటుప్పల్ దాటినంక రోడ్డు పక్కన రేకులు పాతి, పాత ట్రాక్టర్లు అమ్మే జాగ అది. బండ్లన్నిటికి కొత్తగ రంగులేసి వరుసగ నిలవెట్టిర్రు. రోహిణి ఎండకు కండ్లు చెదురుతున్నయి.

"అక్కా, నువ్వు జర నీడకు కూసో. మేము మాట్లాడుకుంటం" అని గుర్వమ్మకు కుర్చీ ఏసిండు దళారి దామోదర్.

నీడకు కూసోనీకె వచ్చిందా ఆమె? నలభై రెండు గొర్లు, ఒక పొట్టేలు. పుట్టినప్పటి సంది చెయ్యి ఏసి పెంచిన మంద. పోయిన ఐతారం లారీల ఎక్కిస్తుంటె ఒక్కొక్కదాని వీపు తట్టి ఎక్కించింది. ఏడ్వలేదు. ఎవుసం జేసుకుందాం, మన మూడెకరాలు దున్నుకొని నలుగురికి కిరాయికి దున్నుదాం అన్నడు మొగడు. సరే అన్నది. అంత అమ్ముకొని వచ్చి కుర్చీల కూసోమంటె ఎట్ల కూసుంటది?

లేచి ట్రాక్టరు కాడికి పోయింది. బానెట్టు మీద చెయ్యి పెట్టింది. గొర్రెకు పెయ్యి కాగుతుంటె చెవు పట్టుకొని చూసే అలవాటు ఆమెది. గా అలవాటే చెయ్యి పెట్టిచ్చింది. ఎండకు రేకు కాలుతాంది, అది వేరే ముచ్చట. పక్క సందుల నుంచి లోపట ఇంజను మీద ఏలు ఆనించింది. నీడకున్న ఇనుము సుత కాగి ఉన్నది.

"పొద్దుగాల దీన్ని ఎవలు నడిపిర్రు?" అని అడిగింది.

దామోదర్ నవ్విండు. "ఎవలు నడపలేదక్కా. మీ కోసమే ఆపి పెట్టిన. సూడు, ఒక్క సెల్ఫుకు అందుకుంటది."

తాళం తిప్పిండు. బండి భగ్గున లేచింది. ఐలేశం మొకం ఎలిగింది. గుర్వమ్మ మొగని దగ్గరికి జరిగి, "ఏమయ్యా, ఇంజను కాగి ఉన్నది. మనం రాకముందే నడిపిర్రు. రేపు పొద్దుగాల సల్లగున్నప్పుడు వచ్చి, లేస్తదో లేదో చూద్దాం" అన్నది.

"నువ్వు ఊకో. గొర్రెనా జరం చూడనీకె?" అన్నడు ఐలేశం. దామోదర్ పకపక నవ్విండు. ఐలేశం సుత నవ్విండు. మొగోళ్లు ఇద్దరు కలిసి నవ్వంగ ఆమెకు సిగ్గు గాదు, కోపమొచ్చింది.

బండితోని పాటు ఇత్తనాలు పెట్టే గొర్రు సుత ఇస్తమన్నరు. తొమ్మిది గొట్టాల గొర్రు. మీద పొడుగూత గింజల పెట్టె, దాని కింద తొమ్మిది రబ్బరు గొట్టాలు, పక్కన ఒక ఇనుప చక్రం. బండి నడుస్తుంటె చక్రం తిరుగుతది, లోపటి పండ్లున్న ఇనుప బిళ్లలు గింజను కొంచెం కొంచెం గొట్టంలకు ఇడుస్తయి. నీలం రంగు నిగనిగ మెరుస్తాంది. గోటితోని గీకితె కింద తుప్పు.

గుర్వమ్మ కొంగు ముడి ఇప్పింది. ఇంటికాడికెంచే సోలెడు పెసర్లు కట్టుకొని వచ్చింది. పెట్టెల పొడుగూత పోసి, దామోదర్ బల్ల మీది పేపరు తీసి గొట్టాల కింద పరిచి, చక్రాన్ని రెండు చేతులతోని తిప్పింది. ఏడు గొట్టాల కింద ఏడు చిన్న కుప్పలు పడ్డయి. నాలుగో దాని కింద లేవు. ఏడో దాని కింద లేవు.

దామోదర్ ఉరుక్కుంట వచ్చి పానాతోని పెట్టెను రెండు దెబ్బలు కొట్టిండు. నాలుగైదు గింజలు రాలినయి. "రంగు అంటుకున్నదక్కా. చేన్ల దిగితె అదే సాపు అయితది. ఏం ఫికర్ జెయ్యకు."

"బిళ్లలు అరిగినయి. తిరుగుతలేవు లోపట" అన్నది గుర్వమ్మ.

అంతల తెల్లంగి తొడిగినాయన ఒకడు ఫోన్ల మాట్లాడుకుంట వచ్చి అదే బండి మీద చెయ్యి ఏసిండు. "దామోదరన్నా, గీ బండే నాకు కావాలె, మాపటికి మనిషిని పంపుత" అన్నడు. గుర్వమ్మ ఆయనను గుర్తు వట్టింది. గంట కింద లోపటి రేకుల రూము నుంచి చాయ్ తెచ్చి ఇచ్చినోడు ఈయననే. మొగని మోచెయ్యి గుంజింది. ఐలేశం చెయ్యి ఇదిలిచ్చుకున్నడు.

"చెయ్యి ఇయ్యి దామోదర్" అన్నడు.

దామోదర్ మెడ మీది తువ్వాల తీసి ఇద్దరి చేతుల మీద కప్పిండు. అంగడిల జీవాలకు బేరం జేసినట్టే. తువ్వాల కింద ఏళ్లు పట్టుకుంటరు, మడుస్తరు, ఇడుస్తరు, ధర ఎంతో పక్కోనికి తెల్వది. దాంట్ల ఆడోళ్లు చెయ్యి పెట్టద్దు. ముప్పై ఏండ్లు మంద కాసిన గుర్వమ్మ ఒక్కనాడన్న తువ్వాల కింద చెయ్యి పెట్టలేదు. నిలబడి తువ్వాల కదులుడు చూసింది. ఒకసారి ఐలేశం కనుబొమ్మలు పైకి లేసినయి, మల్ల దిగినయి. దామోదర్ తువ్వాల తీసిండు. బేరం తెగింది.

పేపరు మీది పెసర్లను ఆమె మల్ల కొంగున కట్టుకున్నది.

*

తెల్లారి బండి లేవలేదు.

సెల్ఫు కొడితె గిర్రు గిర్రుమన్నది, ఆగింది. ఇంకోసారి. ఇంకోసారి. టైర్ల కింద పెట్టిన నిమ్మకాయలు అట్లనే ఉన్నయి. ఐలేశం చెమటలు కక్కిండు. పక్కింటోళ్లు నలుగురు వచ్చి తోస్తె బజారు చివరిదాక పోయి దగ్గుకుంట లేచింది. పొగ నల్లగ వచ్చింది. లేచింది గాని, రేసు మీదికెంచి కాలు తీస్తె ఆగిపోతాంది.

"నేను జెప్పిన గద" అనలేదు గుర్వమ్మ. అనద్దనే అనుకున్నది. కని ఆమె మొకంల అది కనవడ్డట్టున్నది. "అట్ల చూడకు! పాత బండి అన్నంక ఒకటి ఉంటది, ఒకటి ఉండది. దారికొస్తది" అని ఒర్రిండు ఐలేశం.

ఆనాటి సంది బండిని ఊరవుతల గడ్డ మీద నిలవెట్టుడు మొదలువెట్టిండు. పొద్దుగాల ఇద్దరు తోస్తె దిగుడుకు దొర్లుకుంట లేస్తది.

"గొర్రును జర మెకానిక్కుకు చూపియ్యరాదు. ఆ రెండు బిళ్లలు మార్పియ్యి" అన్నది గుర్వమ్మ, బువ్వ పెట్టుకుంట.

"ఆ బిళ్లలు ఇక్కడ దొరకయి. హైదరాబాద్‌ల ఆర్డర్ పెట్టాలెనట, వారం దినాలంటున్నరు." ఐలేశం కంచంల ఏళ్లు పెట్టి అట్లనే ఉన్నడు. "వాన పడ్డంక పది దినాలే ఇత్తనాల పని. ఆ పది దినాలు పోతె ఏడాదంత బండి నిలవడ్డదే. మంద సుత లేదాయె. ఏం తింటం చెప్పు?"

మొగడు చెడ్డోడు గాదు. భయపడ్డోడు. భయపడ్డ మొగోడు చెప్తె ఇనడు.

*

మిరుగు కార్తె మూడోనాడు వాన కొట్టింది. చెల్కల్ల జానెడు దిగింది పదును. తెల్లారంగనే యాదలక్ష్మి వచ్చింది.

యాదలక్ష్మికి ఎకరంనర చెల్క. పెనిమిటి పోయి నాలుగేండ్లయింది. మందుల కంపెనీల రాత్రి డూటి, ఊడ్చే పని. డూటి దిగి బస్సుల నుంచి సక్కగ వీళ్ల ఇంటికే వచ్చింది, కంపెనీ నీలం అంగి సుత ఇప్పలేదు.

"బావా, నా చెల్కల పెసరు పెట్టియ్యి. పదును ఆరకముందు" అన్నది ఐలేశంతోని. మల్ల గుర్వమ్మ దిక్కు తిరిగి, "అక్కా, గొర్రు ఎనుక నువ్వు నడుస్తవా? నువ్వు నడుస్తనంటేనే" అన్నది.

ఎడ్ల గొర్రు ఉన్ననాడు గుర్వమ్మ చెయ్యి అంటె చుట్టు నాలుగూళ్లకు ఎరుక. గొర్రు ఎనుక నడుసుకుంట, దాని మీది కట్టె గిన్నె జడ్డిగంల గింజ ఇడిస్తె, పిడికిలి ఒక్క తీరుగ కదిలేది. చేన్ల మొలకలు కొలిచి పెట్టినట్టు లేసేవి. ఎడ్లు పోయినంక జడ్డిగం అటుకు మీద పడ్డది. ట్రాక్టరు గొర్రు ఎనుక మనిషికి ఏం పని? గొట్టంల మన్ను ఇరికిందా, గింజ పడ్తాందా అని చూసుడు. అంతే. కని యాదలక్ష్మికి చూసే మనిషి గుర్వమ్మనే కావాలె.

"నడుస్త" అన్నది గుర్వమ్మ.

యాదలక్ష్మి సొంత ఇత్తనం తెచ్చింది. పోయినేడు పంటల నుంచి తీసి, బూడిద కలిపి దాచుకున్నది. పుచ్చులు లేకుంట ఒక్కొక్క గింజ ఏరింది. పెట్టెల పోసేటప్పుడు కండ్లకద్దుకున్నది.

ఇత్తనం పెట్టేటప్పుడు ఆ ఊర్లె లేదు అనద్దు. ఒడిసింది అనద్దు, పోయింది అనద్దు. పెట్టె ఒట్టిగయినా సరే నిండింది అనాలె. ఆఖరి సాలు తిరిగినంక చేను గల్లోళ్లు గెట్టు మీద నిలబడి "నిండిందా?" అని అడుగుతరు. ఇత్తనం ఏసినోళ్లు "నిండింది" అంటరు. ఆ మాట అన్నంకనే పనోళ్లకు బువ్వ పెడతరు. ఎన్నేండ్ల సంది ఉన్నదో ఎవలకు తెల్వది. గుర్వమ్మ ఆ మాటను ఎన్ని చేన్ల చెప్పిందో ఆమెకు లెక్క లేదు.

మొదటి సాలు పోయింది. గుర్వమ్మ చెప్పులిడిసి గొర్రు ఎనుక నడిసింది. ఎర్ర మన్ను సల్లగ కాళ్లకు తాకుతాంది. నాలుగో గొట్టం ఎనుక బొటనేలుతోని మన్ను తీసి చూసింది. గింజ లేదు. నాలుగడుగులు పోయి మల్ల తీసింది. లేదు. ఏడో దాని ఎనుక చూసింది. ఒక్క గింజ, దాని ఎనుక బారెడు ఒట్టి మన్ను.

"ఏమయ్యా! ఆపు!" అని ఒర్రింది.

ఇంజను సప్పుడుకు ఇనవడలే. ఇనవడ్డా ఐలేశం ఆపడు. ఆపితె కాలు తియ్యాలె, కాలు తీస్తె ఇంజను ఆగుతది, చదును చెల్కల దాన్ని ఎవలు తోస్తరు? గుర్వమ్మ కుచ్చిళ్లు ఎగజెక్కి ఉరికింది. రెండో సాలు మలుపుకాడ అందుకొని మడ్‌గార్డు పట్టుకున్నది.

"నాలుగోది, ఏడోది పడ్తలే..."

"ఏయ్!" ఐలేశం కండ్లు ఎర్రగయినయి. రేసు తొక్కి పట్టుకునే మాట్లాడిండు. "ఇత్తనంకాడ గా మాట అంటవా? చేను గల్లామె అక్కడ నిలబడి చూస్తాంది. రేపు వీరేశం నాలుగెకరాలు ఉన్నది. ఈ బండి మంచిగ లేదని ఒక్కరు అంటె చాలు, ఇగ ఊర్లె ఎవడన్న పిలుస్తడా? నోరు మూసుకొని నడువు. తిరుగుతుంటె అదే సాపు అయితది."

దామోదర్ చెప్పిన మాటనే చెప్పిండు. బండి కదిలింది. ఆమె చెయ్యి జారింది.

గుర్వమ్మ గొర్రు ఎనుక నడిసింది. చేతుల పుల్ల వట్టుకొని నాలుగో బిళ్లకాడ, ఏడో బిళ్లకాడ పెట్టెను కొట్టుకుంట నడిసింది. కొట్టితె నాలుగు గింజలు పడ్తయి, మల్ల ఆగుతయి. చెయ్యి నొప్పి లేసింది. కొట్టుడు సుత ఇడిసిపెట్టింది. ఒక సాలుకు తొమ్మిది గీతలు, అండ్ల రెండు ఒట్టియి. ఎకరంనర అట్లనే నడిసింది. గెట్టుకాడికి వచ్చినప్పుడల్లా యాదలక్ష్మి మొకం చూడకుంట మర్లింది.

ఆఖరి సాలు తిరిగింది. యాదలక్ష్మి నిద్ర లేని కండ్లతోని నవ్వుకుంట గెట్టు మీద నిలవడ్డది.

"నిండిందా అక్కా?"

బండి మీద ఐలేశం అటు తిరిగి కూసున్నడు. అతని మెడ నరం కనవడ్తాంది.

"నిండింది" అన్నది గుర్వమ్మ.

యాదలక్ష్మి సద్ది మూట ఇప్పుకుంట పెట్టెలకు చూసింది. "గిన్ని మిగిలినయేంది?"

"మిషిని పొదుపు జేస్తది యాదలక్ష్మీ. చెయ్యితోని అయితె ఎక్కువ పడ్తయి" అన్నడు ఐలేశం.

"మంచిగాయె" అని యాదలక్ష్మి ఆ గింజలను సంచిల ఎత్తుకున్నది. అందరికి జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది.

*

వీరేశం బోరు మోటరు కాలి రిపేరు తిప్పలల పడ్డడు. దాంతోని ఆయన పని నాలుగు దినాలు ఎనుకకు వడ్డది. ఐలేశం ఆ నాలుగు దినాలు తమ చెల్క దున్నిండు. బిళ్లల ఊసు ఎత్తలేదు. వాన మల్ల రాలేదు. మీది మన్ను పెచ్చు కట్టింది.

ఐదోనాడు తెల్లారంగ గుర్వమ్మ అటుకు మీది పెసర్ల కుండ దించి, సంచిల పోసుకొని యాదలక్ష్మి చెల్కకు పోయింది. ఎవలకు చెప్పలేదు.

మొలకలు లేసినయి. మంచి ఇత్తనం గద, ఏడు గీతలల్ల బొద్దుగ లేసినయి. నాలుగోది ఒట్టిది. ఏడోది ఒట్టిది. మల్ల నాలుగోది, మల్ల ఏడోది. ఈ గెట్టు నుంచి ఆ గెట్టుదాక ఎర్రగ బోడి గీతలు. దూరం నుంచి చూస్తెనే ఎవరికన్న తెలుస్తది.

ఒట్టి గీతల కూసొని, ఏలుతోని మన్ను తీసి గింజ పెట్టవట్టింది. రెండు ఏళ్లు లోతుకు పోతె గాని పదును తగుల్తలేదు. సగం గీత అయ్యేసరికి ఎనుక నీడ పడ్డది. యాదలక్ష్మి. డూటి దిగి వచ్చినట్టున్నది, నీలం అంగి మీదనే ఉన్నది.

చేను మొత్తం చూసింది. ఏలు పెట్టి గీతలను లెక్కవెట్టింది.

"నీకు తెలుసా అక్కా?"

గుర్వమ్మ లేవలేదు. అబద్ధం నోటికాడికి వచ్చింది. చీమలు తిన్నయి అనచ్చు. ఎవలన్న అడిగితె ఐలేశం గదే అనుమన్నడు.

"తెలుసు."

"ఎప్పటికెంచి?"

"మొదటి సాలుకెంచి. కొననీకె పోయిననాటికెంచే తెలుసు."

"నిండింది అన్నవ్ గద."

గుర్వమ్మ చేతుల గింజలు చూసుకుంట కూసున్నది.

"నేను ట్రాక్టరును పిలిచిన్నా?" యాదలక్ష్మి గొంతు పెరగలేదు, అదే పాణం తీసింది గుర్వమ్మకు. "ఊర్లె ఇంకో ఇద్దరి కాడ ఉన్నయి బండ్లు. నీ చెయ్యి చూసి పిలిచిన. బావ ఎన్ని మాటలన్న చెప్పనీ, నేను బావను అడిగిన్నా? నిన్ను అడిగిన. రాత్రంత ఊడిసి వచ్చి, నిద్ర పోకుంట గెట్టు మీద నిలబడి నిన్ను అడిగిన."

"తప్పయింది యాదీ. నా ఇత్తనం తెచ్చిన. గీ గీతలన్ని నేనే పెడ్త..."

"వద్దు."

"ఒక్కదానివి ఎట్ల పెడ్తవే? పదును ఆరుతాంది."

"ఆరనీ. నీ చెయ్యి నా చేన్ల వద్దక్కా."

గుర్వమ్మ లేచింది. మోకాళ్లకు మన్ను అంటింది, దులపలేదు. సంచి గెట్టు మీద పెట్టింది. యాదలక్ష్మి దాన్ని ముట్టలే. ఆనాడు మిగిలిన తన గింజలనే కొంగుల పోసుకొని, గుర్వమ్మ పెట్టి ఆపినకాడికెంచి కాదు, గీత మొదటికెంచి పెట్టవట్టింది. గుర్వమ్మ పెట్టిన గింజలను ఏలుతోని బయటికి తీసి పక్కకు పడేసింది. ఒక ఏలు లోతుకే పెడ్తాంది, పదును తగులని మన్నుల. అట్ల పెడితె మొలవయి. చెప్పాలని గుర్వమ్మకు నోటిదాక వచ్చింది. ఇగ ఏ నోటితోని చెప్తది?

ముప్పై ఏండ్ల సంది ఆమె చెయ్యిని వద్దన్నోళ్లు లేరు. గెట్ల పొంటి నడుసుకుంట కుడి చెయ్యిని కొంగుల చుట్టుకున్నది, ఎందుకో ఆమెకే తెల్వది.

*

ఆమె పోయేసరికి వీరేశం చేనుకాడ పది మంది ఉన్నరు. నాలుగెకరాల కంది. గట్టు దిగుడు మీద బండి నిలవెట్టి, ఇద్దరు ఎనుకకెంచి తోసి లేపిర్రు. ఐలేశం సీటు మీద కూసొని రేసు తొక్కి పట్టుకున్నడు. నల్ల పొగ చేను మీదికి పోతాంది. వీరేశం కొబ్బరికాయ కొట్టిండు. సంచెడు కందులు పెట్టెల పోసి మూత ఏసిండు.

"యాడికి పోయినవే? నడువు, గొర్రు ఎనుక నిలవడు" అన్నడు ఐలేశం. మొకంల ఎన్నడు లేని ఖుషి ఉన్నది. చూడనీకె వచ్చిన పది మందిల ఆరుగురు చేన్లున్నోళ్లే. ఈ పని మంచిగ కనవడ్తె ఊరంత ఆయనదే. ఆయనకు అది తెలుసు, ఆమెకు సుత తెలుసు.

గుర్వమ్మ గొర్రు ఎనుకకు పోలేదు. బండి ముందటికి వచ్చి నిలవడ్డది.

"వీరేశం" అన్నది. "దీంట్ల నాలుగో గొట్టం పడది. ఏడో గొట్టం పడది."

అందరు ఆమెనే చూసిర్రు. వీరేశం చేతుల కొబ్బరి చిప్ప అట్లనే ఉన్నది.

"వదినె, ఇత్తనంకాడ గా మాట..."

"లేదు" అన్నది గుర్వమ్మ ఇంకింత గట్టిగ. "పడది. నిండది. యాదలక్ష్మి చేను ముంచినం. చూడుండ్రి, ఇక్కడికెంచే కనవడ్తది."

ఒకలిద్దరు తలలు తిప్పి ఆ దిక్కు చూసిర్రు. ఒట్టి గీతల నడుమ వంగి ఒక నీలం అంగి కనవడ్తాంది.

ఐలేశం తిడ్తడనుకున్నరు. దిగి కొడ్తడనుకున్నరు. ఆయన పెండ్లాం దిక్కు చూసిండు, ఆమె మోకాళ్ల మన్ను చూసిండు. రేసు మీదికెంచి కాలు తీసిండు. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగింది. గట్టు కింద చదునుకు వచ్చి ఉన్నది బండి. తొయ్యనీకె ఎవలు ముందటికి రాలేదు.

గుర్వమ్మ పెట్టె మూత తీసింది. కందులను దోసిట్ల ఎత్తి సంచిల పోసుడు మొదలువెట్టింది. మూలలకున్న గింజలను సుత ఏళ్లతోని ఊడ్చి తీసింది. వీరేశం వచ్చి సంచి మూతి పట్టుకున్నడు. చూడ వచ్చినోళ్లు ఒక్కొక్కరు గెట్లు పట్టిర్రు. ఐలేశం స్టీరింగు మీద చేతులు పెట్టి, దిగకుంట అట్లనే కూసున్నడు.

పెట్టె ఒట్టిగయినంక ఆమె సంచి మూతి కట్టి వీరేశం చేతికిచ్చింది.